వినతిపత్రం ఎవరికివ్వాలి?

2022లో మొదలైన కొత్తగూడెం ప్రభుత్వ వైద్య కళాశాల విద్యార్థులు, భద్రాచలం ఏరియా ఆసుపత్రి డాక్టర్లు కలిసి ఎంపీని కలవాలనుకుంటే, ఏ ఎంపీని అన్నది ముందు తేల్చుకోవాలి. మధ్య దూరం సుమారు 40 కిలోమీటర్లే. కానీ కొత్తగూడెం ఖమ్మం లోక్‌సభ స్థానంలో ఉంది, భద్రాచలం మహబూబాబాద్‌లో.

స్టైపెండ్ విషయంలో ఈ చిక్కు లేదు. అది చట్టసభ తేల్చేది కాదు, రాష్ట్ర ప్రభుత్వ జీవోతో పెరిగేది. హౌస్ సర్జన్‌కు నెలకు 19,589 రూపాయలుండగా 2021లో 22,527 అయింది. 2023లో 25,906, 2025లో 29,792. ప్రతిసారీ సరిగ్గా 15 శాతమే. 2021లో కరోనా రెండో అల నడుమ జూనియర్ డాక్టర్లు (జూడాలు) విధులు బహిష్కరించారు. 2025లో జూన్ 30 నుంచి సమ్మె అని నోటీసిచ్చారు, నెలాఖరుకల్లా జీవో వచ్చింది. అయినా రోజుకు లెక్కేస్తే వెయ్యికి ఏడు రూపాయలు తక్కువే!

చట్టం దగ్గర మాత్రం కథ వేరు. జాతీయ వైద్య కమిషన్ బిల్లును లోక్‌సభ 2019 జులై 29న ఆమోదించింది. భారతీయ వైద్య సంఘం (ఐఎంఏ) పిలుపుతో దేశవ్యాప్త సమ్మె జరిగింది 31న. మర్నాడే రాజ్యసభ ఆమోదం, ఆగస్టు 8న రాష్ట్రపతి సంతకం. డాక్టర్లు ప్రధానంగా వ్యతిరేకించిన 32వ సెక్షన్ చట్టంలో నిలిచింది. నమోదైన వైద్యుల సంఖ్యలో మూడో వంతుకు మించకుండా, సామాజిక ఆరోగ్య కార్యకర్తలకు పరిమిత లైసెన్సు ఇవ్వొచ్చన్నది దాని సారం. నకిలీ వైద్యం పెరుగుతుందన్నది డాక్టర్ల వాదన. సబబైనదే. కానీ జ్వరమొస్తే ముందు డిగ్రీ లేని ఆర్‌ఎంపీ తలుపు తట్టే గూడేల్లో ఆ వాదన ఒక్కటే చాలదు. మరి డాక్టరును ఎప్పుడు పంపుతారన్నదీ వినతిపత్రంలో ఉండాలి.

వినే ఎమ్మెల్యే ఇక్కడ ఉన్నారు. 2023లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలోని పది అసెంబ్లీ స్థానాల్లో బీఆర్‌ఎస్ గెలిచిన ఒకే ఒక్కటి భద్రాచలం. గెలిచిన తెల్లం వెంకట్రావు స్వయంగా సర్జన్, తర్వాత కాంగ్రెస్‌లో చేరారు. అయితే భద్రాచలం ఏరియా ఆసుపత్రికొచ్చే రోగులంతా ఆయన ఓటర్లు కారు. 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం ఆంధ్రలో కలిపిన ఎటపాక, కూనవరం, చింతూరు మండలాలది రంపచోడవరం నియోజకవర్గం. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చేవాళ్ల ఎమ్మెల్యే నవా రాయ్‌పూర్‌లో కూర్చుంటారు. వాళ్లకు పడే మంచం, ఇచ్చే మందు ఖర్చు మాత్రం హైదరాబాద్ బడ్జెట్‌లోనిదే.