ఓటు ఒక్కటే కాదు, అర్జీ కూడా

యువతీయువకులకు ఓటు నమోదు ఎంత సులువైందో, వాళ్ల తాతలకు ఒక అర్జీ పెట్టుకోవడం అంత కష్టమైంది. రెండింటికీ కారణం ఇంటర్నెట్టే.

ఓటు హక్కు వయసును 21 నుంచి 18కి దించిన 61వ రాజ్యాంగ సవరణ 1989లో అమల్లోకి వచ్చింది. అప్పట్లో జాబితాలో పేరు లేకపోతే కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగాల్సిందే. ఇప్పుడు 17 ఏళ్లు నిండితే చాలు, ఓటరు నమోదు దరఖాస్తు అయిన ఫారం-6ను ఫోన్‌లోనే ముందుగా నింపి పంపవచ్చు. 2022 నుంచి జనవరి 1తో పాటు ఏప్రిల్, జూలై, అక్టోబర్ ఒకటో తేదీలూ అర్హత తేదీలయ్యాయి కాబట్టి, 18 నిండినవారు ఏడాదంతా ఆగనక్కర్లేదు.

అయినా నెట్ ఉన్నచోటల్లా ఓట్లు పడవు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో హైదరాబాద్, సికింద్రాబాద్ స్థానాల్లో సగం మంది కూడా ఓటు వేయలేదు. అదే రోజు, మే 13న, ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ 80 శాతం దాటింది. ఆ ఓటు కోసం హైదరాబాద్ నుంచి బస్సులు, రైళ్లు కిక్కిరిసి ఊళ్లకు వెళ్లాయి. పేరు నమోదుకు ఫోన్ చాలు. బూత్ దాకా నడిపించేది మాత్రం ఊరితో ఉన్న బంధం, ‘ఓటుకు వస్తున్నావా’ అని అడిగే మనిషి.

పెద్దవాళ్లకు ఓటు దగ్గర ఇబ్బంది తక్కువ. 85 దాటినవారు ఫారం-12డి ఇస్తే పోలింగ్ సిబ్బందే ఇంటికి వచ్చి ఓటు వేయించుకుంటారు. చిక్కంతా ఎన్నికలు లేని రోజుల్లోనే. 2011లో మొదలైన మీసేవ ఎన్నో ధ్రువపత్రాలను ఆన్‌లైన్‌కు చేర్చింది. మేలే జరిగింది. కానీ ఆధార్‌కు కొడుకు నంబరు ఇచ్చిన తల్లి ఏ పని మీద వెళ్లినా ఓటీపీ డాలస్‌లో ఉన్న కొడుకు ఫోన్‌కు వస్తుంది, అక్కడ అప్పుడు అర్ధరాత్రి. అందుకే తెలంగాణలో సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణికి కాగితం అర్జీ పట్టుకుని కలెక్టరేట్‌కు వచ్చే పెద్దలు ఇంకా ఉన్నారు. ఆన్‌లైన్ వచ్చిందని ఆ తలుపు మూయకూడదు.

ఈ రెండు తరాలకూ నడుమ ఉన్నది విదేశాల్లో ఉంటున్న మనం. విదేశీ పౌరసత్వం తీసుకోని ప్రవాసులు 2011 నుంచి ఫారం-6ఏతో సొంత ఊరి జాబితాలో చేరవచ్చు. ఓటు వేయాలంటే మాత్రం పాస్‌పోర్టుతో స్వయంగా వెళ్లాలి. వెళ్లలేనివారికీ చేయదగ్గ పని ఉంది. అమ్మానాన్నల పేర్లు జాబితాలో ఉన్నాయో లేదో చూడండి. వాళ్ల ఆధార్‌కు వాళ్ల చేతిలోని నంబరే జత చేయించండి. 18 నిండుతున్న మేనల్లుడి చేత ఫారం-6 నింపించండి, తాతయ్య అర్జీని కూడా అతని చేతే పెట్టించండి. ఇంటింటా ఈ అలవాటు పడితే, నెట్ తెలిసిన పిల్లలకు ఊరి సమస్యలు తెలుస్తాయి, నెట్ తెలియని పెద్దల మాట ప్రభుత్వానికి చేరుతుంది.