సముద్రపు నాచులో మందులున్నాయా?



బస్తర్ ప్రాంతపు దక్షిణ అంచున ఉన్న తర్లగూడ నుంచి సముద్రం చూడాలంటే వందల కిలోమీటర్లు ప్రయాణించాలి. అక్కడి విద్యార్థికి సముద్రపు నాచుతో ఏమి పని? సమాధానం వంటింట్లోనే ఉంది. ఉప్పు ప్యాకెట్టు మీద 'అయోడిన్ కలిపినది' అని రాసి ఉంటుంది. ఆ అయోడిన్‌ను మొట్టమొదట కనుగొన్నది సముద్రపు నాచు బూడిదలోనే.

1811లో ఫ్రాన్సు దేశస్థుడు బెర్నార్డ్ కూర్త్వా నాచు బూడిదతో పని చేస్తుండగా, దానికి సల్ఫ్యూరిక్ ఆమ్లం ఎక్కువగా కలిసినపుడు ఊదారంగు ఆవిరి వెలువడింది. 1820లో జెనీవా వైద్యుడు కోయిండే ఈ అయోడిన్‌ను గాయిటర్, అంటే మెడ దగ్గర థైరాయిడ్ గ్రంథి ఉబ్బే వ్యాధికి వాడాడు. మన దేశంలో 1962లో గాయిటర్ నివారణ కార్యక్రమం మొదలైంది. పెద్దవారికి రోజుకు కావలసిన అయోడిన్ 150 మైక్రోగ్రాములే. అయినా గర్భిణికి అది చాలకపోతే పుట్టే బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది.

సముద్రపు నాచులు శైవలాలు. వీటికి నిజమైన వేర్లు, కాండం, ఆకులు ఉండవు. రంగును బట్టి వీటిని ఆకుపచ్చ, గోధుమ, ఎరుపు శైవలాలుగా విభజిస్తారు. విశాఖపట్నం తీరంలో ఆటు సమయంలో బయటపడే రాళ్ల మీద ఉల్వా, సర్గాసమ్, గ్రాసిలేరియా వంటివి కనిపిస్తాయి.

వీటిలో ప్రత్యేక రసాయనాలు ఎందుకున్నాయి? నాచు రాయిని పట్టుకుని ఉంటుంది, కదలలేదు. అలల తాకిడికి చిరగకుండా వంగాలి, ఆటు సమయంలో ఎండిపోకూడదు, తనను తినే జీవుల నుంచి కాపాడుకోవాలి. జిగురులాంటి చక్కెర గొలుసులు మొదటి రెండు పనులకు, చేదు లేదా విష పదార్థాలు మూడవ పనికి ఉపయోగపడతాయి.

ఆ జిగురు పదార్థాలలో ఒకటి గోధుమ శైవలాల ఆల్జినేట్. ఛాతీలో మంటకు ఇచ్చే కొన్ని మందులలో ఇది ఉంటుంది. జీర్ణాశయంలోని ఆమ్లం తగలగానే ఇది జెల్‌గా మారి పైన తేలుతూ, ఆమ్లం గొంతువైపు ఎగదన్నకుండా అడ్డుకుంటుంది. పుండ్లకు కట్టే కట్లలోనూ దీనిని వాడుతున్నారు. ఎరుపు శైవలాల నుంచి వచ్చే అగర్ మందు కాదు. కానీ రోగక్రిములను పెంచి గుర్తించే ప్రయోగశాలలకు అది లేనిదే పని జరగదు.

మరో ఉదాహరణ చూడండి. జపాన్‌లో డైజీనియా అనే ఎరుపు నాచును కడుపులోని నులిపురుగులకు వాడేవారు. అందులో పనిచేసే కైనిక్ ఆమ్లాన్ని 1953లో వేరు చేశారు. ఇది నాడీకణాలను విపరీతంగా ఉత్తేజపరుస్తుంది. అందుకే నేడు ఎలుకలలో మూర్ఛను కలిగించి ఆ వ్యాధిని అధ్యయనం చేయడానికి వాడుతున్నారు. మోతాదు, చోటు మారితే ఒకే పదార్థం మందూ కావచ్చు, విషమూ కావచ్చు.

గోధుమ నాచులలోని ఫ్యుకాయిడన్ ప్రయోగశాలలో రక్తం గడ్డకట్టడాన్ని తగ్గించింది, కొన్ని క్యాన్సర్ కణాల పెరుగుదలను ఆపింది. అయితే ఇది క్యాన్సర్‌కు మందేనా? ఇక్కడే మీరు జాగ్రత్తగా ఆలోచించాలి. గాజు పళ్లెంలో కణాల మీద పదార్థాన్ని నేరుగా పోస్తారు. మనం మింగినపుడు అది పేగు గోడను దాటాలి, కాలేయాన్ని తట్టుకోవాలి, రోగమున్న చోటికి సరిపడా చేరాలి. ఇంత పెద్ద అణువుకు పేగు గోడ దాటడమే కష్టం.

కాబట్టి పరిశోధన మెట్లు మెట్లుగా సాగుతుంది. నాచు జాతిని సరిగా గుర్తించాలి, ద్రావణులతో సారం తీయాలి, పనిచేసే అణువును వేరుచేసి నిర్మాణం తెలుసుకోవాలి. తరువాత జంతువులలో, ఆపైన మూడు దశలలో మనుషులలో పరీక్షించాలి. అందులో సగంమందికి మందు, సగంమందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి పోల్చడం ముఖ్యం. కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ నాచు సారంతో కీళ్ల నొప్పుల కోసం ఉత్పత్తిని రూపొందించింది. అది పోషక ఉత్పత్తి. పోషక ఉత్పత్తికీ, వైద్యుడు రాసే మందుకూ కావలసిన రుజువులు వేరు.

'సహజమైనది, హాని లేదు' అనే ప్రకటనను నమ్మి చికిత్స మానిన రోగి ప్రాణానికే ముప్పు. కొన్ని గోధుమ నాచులలో అయోడిన్ మితిమీరి ఉంటుంది, అది థైరాయిడ్‌ను దెబ్బతీస్తుంది. హిజికి అనే నాచులో ఆర్సెనిక్ కూడా ఉంటుంది.

ఇకమీదట ఏదైనా మూలిక గురించి గొప్పగా విన్నపుడు మూడు ప్రశ్నలు వేయండి: అందులో పనిచేసే పదార్థం ఏది? ఎంత మోతాదు? ఎవరి మీద పరీక్షించారు? ఈ ప్రశ్నలు సముద్రపు నాచుకే కాదు, మీ అడవిలోని చెట్టుకూ వర్తిస్తాయి.