బొద్దుగా ఉంటే ముద్దేనా?

పుంగనూరు సంతలోనో, పీలేరు సంతలోనో ఆవును కొనబోయే రైతు ముందుగా దాని చుట్టూ ఒకసారి తిరుగుతాడు. పళ్లు చూస్తాడు. తుంటి ఎముకలు ఎంత తేలాయో, వీపున కండ ఎంత ఉందో చేత్తో తడిమి చూస్తాడు. అమ్మేవాడు ఎన్ని చెప్పినా తన చేతినే నమ్ముతాడు. అదే రైతు కొడుకు తిరుపతిలో ఉద్యోగం చేసుకుంటూ కుక్కను పెంచితే మాత్రం, అది లావెక్కిందో చిక్కిందో చెప్పలేకపోతున్నాడు. రోజూ చూసే కంటికి మార్పు ఆనదు మరి. పైగా కుక్క బొద్దుగా ఉంటే బాగా సాకుతున్నారని ఇరుగుపొరుగు వారు మెచ్చుకుంటారు. సన్నగా ఉంటే తిండి పెట్టడం లేదా అని నిలదీస్తారు.

ఇక్కడ కూడా చేతినే నమ్మాలన్నది పశువైద్య శాస్త్రం చెప్పే మాట. కుక్క పక్కన నిలబడి, రెండు అరచేతులు దాని పక్కటెముకల మీద ఆనించి, గట్టిగా నొక్కకుండా వెనక్కు జరపాలి. ఎముకలు ఎలా తగులుతున్నాయో పోల్చుకోవడానికి మన చెయ్యే కొలబద్ద. పిడికిలి బిగిస్తే పైకి తేలే కణుపుల్లా తగిలితే కుక్క బక్కచిక్కినట్లు. చెయ్యి చాపి, దాని వెనుకవైపు తడిమినప్పుడు తగిలేంతగా తెలిస్తే సరైన ఒళ్లు. అరచేతి మెత్తదనమే తప్ప ఎముక జాడ దొరక్కపోతే లావెక్కినట్లే.

తర్వాత కుక్కను పైనుంచి చూడాలి. పక్కటెముకల వెనుక నడుము కాస్త లోపలికి పోయి కనిపించాలి. పక్కనుంచి చూస్తే పొట్ట వెనక్కు పోయేకొద్దీ పైకి లేచి ఉండాలి. వీధి కుక్కల్లో ఈ తీరు స్పష్టంగా కనిపిస్తుంది. దాన్ని ఆకలికి ఎండిన లక్షణమని జాలిపడేవారు ఎక్కువ. నిజానికి చాలావాటికి అది సహజమైన ఒంటి తీరే. రాజపాళయం వంటి వేట జాతుల్లో ఒకటి రెండు పక్కటెముకలు పైకి కనిపించినా కంగారు పడనక్కరలేదు. బొచ్చు దట్టంగా ఉండే పొమరేనియన్‌తోనే అసలు చిక్కు. బొచ్చు కింద బక్కతనమూ దాగుతుంది, లావూ దాగుతుంది. దాన్ని కంటితో తేల్చడం ఎవరి తరమూ కాదు.

వైద్యులు ఈ పరీక్షకు 1 నుంచి 9 వరకు మార్కులు వేస్తారు. 4, 5 వస్తే మేలు. ఆపైన ఒక్కో మెట్టుకు ఉండాల్సిన బరువు కంటే సుమారు 10 శాతం ఎక్కువ ఉన్నట్లు లెక్క. తూకం కూడా కావాలంటే కుక్కను ఎత్తుకుని తూకం యంత్రం మీద నిలబడి, తర్వాత ఒంటరిగా నిలబడి, తేడా చూసుకుంటే చాలు.

లావైతే నష్టమేమిటని అడిగేవారికి అమెరికాలో జరిగిన ఒక పరిశోధన జవాబు చెబుతుంది. 48 లాబ్రడార్లలో సగానికి, వాటి తోటివాటి కంటే పాతిక శాతం తక్కువ తిండి పెట్టి, బతికినంత కాలం గమనించారు. 2002లో ఫలితాలు వెలువడ్డాయి. తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి. కీళ్ల జబ్బులూ వాటికి ఆలస్యంగా వచ్చాయి. తిరుపతి వాసులు మరొకటి గుర్తుంచుకోవాలి. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. వగర్చి వేడిని బయటకు పంపుతుంది. ఎండలు 40 డిగ్రీలు దాటే రోజుల్లో కొవ్వు పట్టిన కుక్కకు ఇది గండమే. ముక్కు చప్పిడిగా ఉండే పగ్ జాతికి మరీనూ.

లావుకు కారణం చాలా ఇళ్లలో కంచంలోని అన్నం కాదు. తాతగారు ఇడ్లీ ముక్క పెడతారు, కోడలు పెరుగన్నం కలుపుతుంది, పిల్లలు బిస్కెట్లు విసురుతారు. ఎవరి లెక్క వారిదే, మొత్తం ఎవరూ కూడరు. అయిదు కిలోల కుక్కకు రోజుకు సుమారు 350 కేలరీలు చాలు. నాలుగు మేరీ బిస్కెట్లతోనే వంద కేలరీల దాకా పోతాయి. కొండ మీద నుంచి తెచ్చిన లడ్డూ సంగతి వేరు. అందులో చక్కెర, నెయ్యి మాత్రమే కాదు, ఎండుద్రాక్ష కూడా ఉంటుంది. అది కొన్ని కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ప్రసాదమే అయినా కుక్కకు పెట్టకపోవడం మంచిది.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన కుక్కలకు తిండి అవసరం తగ్గుతుంది. పాత కొలతే పెడితే కొద్ది నెలల్లో తేడా తెలుస్తుంది. అలాగని పొట్ట పెద్దదైతే అంతా కొవ్వేనని ఇంట్లోనే తేల్చేయరాదు. పొట్టలో నీరు చేరినా, ఏలికపాములు ఉన్నా అలాగే కనిపిస్తుంది. థైరాయిడ్ లోపం ఉన్న కుక్క తక్కువ తింటున్నా బరువు పెరుగుతుంది. 1955 నుంచి పశువైద్య కళాశాల ఉన్న నగరంలో వైద్యుని చేత ఒకసారి చూపించుకోవడం కష్టమేమీ కాదు.

తగ్గించాలంటే వారానికి ఒంటి బరువులో ఒకటి, రెండు శాతం మించకుండా తగ్గించాలి. 20 కిలోల కుక్కకు అది 200 నుంచి 400 గ్రాములు. పిల్లి విషయంలో తొందర అసలు పనికిరాదు. లావుగా ఉన్న పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే ఒంట్లోని కొవ్వు కాలేయంలో పేరుకుని ప్రాణం మీదికి రావచ్చు. కాబట్టి దాన్ని పస్తు పెట్టరాదు. తిండి మానేసిందంటే లావు తగ్గుతుందిలే అని ఊరుకోకుండా వెంటనే వైద్యునికి చూపించాలి.