మహాయుగ సంఖ్యలోని గణితము

నిత్యపూజలో సంకల్పము చెప్పుకొనునప్పుడు మనము కల్పమును, మన్వంతరమును, యుగమును స్మరించుచున్నాము. ఇంతటి పెద్ద లెక్కలు ఎందులకు, ఇవి అతిశయోక్తులు కావా అని యువకులు నన్ను తరచుగా అడుగుచుందురు. ప్రశ్న సమంజసమైనదే. సమాధానము ఆ సంఖ్యలోనే కలదు.

మన 360 సంవత్సరములు దేవతలకు ఒక సంవత్సరము. అట్టి దివ్యసంవత్సరములు 12,000 గడచిన ఒక మహాయుగము. ఈ రెంటిని గుణించినచో 43,20,000 వచ్చును. దీనిని పది భాగములు చేయగా ఒక్కొక్కటి 4,32,000. నాలుగు భాగములు కృతయుగము, మూడు త్రేత, రెండు ద్వాపరము, ఒకటి కలి. ఆర్యభటుడు నాలుగు పాదములను సమానముగా 10,80,000 చొప్పున విభజించెను. బ్రహ్మగుప్తుడు దానిని ఆక్షేపించెను. అయినను మొత్తము మారలేదు.

ఈ సంఖ్యను శేషము లేకుండ భాగించు సంఖ్యలు 180 కలవు. సంవత్సరమునకు మాసములు 12, మాసమునకు తిథులు 30, దినమునకు ఘడియలు 60, రాశిచక్రమునకు భాగలు 360. ఇవన్నియు దానిని నిశ్శేషముగా భాగించును.

ఇక మన్వంతరములను చూడుడు. వేయి మహాయుగములు ఒక కల్పము. వానిని పదునలుగురు మనువులకు పంచినచో ఒక్కొక్కరికి 71 చొప్పున పోగా 6 మిగులును. సూర్యసిద్ధాంతము కృతయుగ ప్రమాణము గల సంధులను పదునైదింటిని చెప్పినది. కృతయుగము మహాయుగమున పదింట నాలుగు వంతులు గదా! పదునైదు సంధులు కలిసి సరిగా ఆరు మహాయుగములైనవి.

దీని ప్రయోజనము పంచాంగమున కనబడును. సంవత్సరమునకు 365 దినములపై కొన్ని ఘడియలు, విఘడియలు మిగులును. ఆ భిన్నములను పూర్ణసంఖ్యలుగా చెప్పవలెనన్న దీర్ఘకాలము కావలెను. సూర్యసిద్ధాంతము ననుసరించి మహాయుగమున దినములు 1,57,79,17,828. రవి భగణములు 43,20,000. చంద్ర భగణములు 5,77,53,336. ఈ రెంటి భేదము 5,34,33,336 చాంద్రమాసముల సంఖ్య. అందుండి సౌరమాసములు 5,18,40,000 తీసివేయగా మిగిలినవి 15,93,336 అధికమాసములు. అనగా సుమారు ముప్పది రెండున్నర సౌరమాసములకు ఒకటి. మనము ఆచరించు అధికమాసము ఈ గణితముననుండి వచ్చినదే.

కలియుగాంతము సమీపించినదని కరపత్రములు చూచి భయపడువారు కూడ ఈ లెక్కను గమనింపవలెను. కలిప్రవేశము క్రీ.పూ. 3102లో జరిగినదని సిద్ధాంతుల గణన. నేటికి గడచినవి ఐదు వేల పైచిలుకు సంవత్సరములు మాత్రమే. కలి యొక్క ఒక పాదము 1,08,000 సంవత్సరములు. కావుననే సంకల్పమున నేటికిని ప్రథమపాదమనియే చెప్పుచున్నాము. అర్థము తెలిసి సంకల్పము చెప్పువానికి ఆ భయమునకు తావు లేదు.