60 రోజుల గడువు.. 8 గంటల బిర్రియా

పోయిన ఏడాది ఒక సోమవారం పొద్దున ఆఫీసు లాప్‌టాప్ తెరిస్తే లాగిన్ కాలేదు. ఫోన్ చూసుకుంటే పర్సనల్ ఐడీకి మెయిల్. మీకు అర్థమైపోయి ఉంటుంది.. లేఆఫ్!

నేనుండేది డాలస్‌లో. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజులే టైం. ఆలోపు ఇంకో కంపెనీ మన పేరు మీద పిటిషన్ వేయాలి. లేదంటే పెట్టె సర్దుకోవాలి. ఇంట్లో చెప్పలేదు. రోజూ అదే టైంకి లేచి, చొక్కా వేసుకుని, అమ్మతో వీడియో కాల్ మాట్లాడేవాణ్ని.

అదే మెయిల్ మా టీంలో ఇంకొకాయనకూ వచ్చింది. ఆయనది మెక్సికోలోని గ్వాడలహారా. టీఎన్ వీసా. ఆయనకూ అవే 60 రోజులు. రెండో వారంలో ఫోన్ చేసి ‘ఆదివారం టిఫిన్‌కి రా’ అన్నాడు. బ్రెడ్డూ గుడ్డూ అనుకుని వెళ్లా. చూస్తే గిన్నె నిండా ఎర్రటి పులుసు, అందులో ఎముక నుంచి జారిపోతున్న మేక మాంసం! పొద్దున 9 గంటలకు! ఒక్క ముద్ద తిన్నాక మా కరీంనగర్ ఆదివారాలు గుర్తొచ్చాయి.

పేరుకి ‘పనికిరానిది’!

దాని పేరు బిర్రియా. హలీస్కో రాష్ట్రం దీనికి పుట్టిల్లు. దాని రాజధానే గ్వాడలహారా. స్పానిష్‌లో బిర్రియా అంటే విలువలేని వస్తువు అని కూడా అర్థం. మేకలు మెక్సికోకి స్పెయిన్ వాళ్లతోపాటు వచ్చాయి. గట్టిగా, వాసనగా ఉండే ఆ మాంసాన్ని స్థానికులు ఎండుమిర్చి, మసాలా పట్టించి గంటల తరబడి మగ్గబెట్టి దారికి తెచ్చారు. ఇప్పుడది పెళ్లిళ్ల వంటకం. మనకు ఇన్‌స్టాలో కనిపించే, చీజ్ కారిపోయే బిర్రియా టాకోస్ తిహువానా వైపు నుంచి పాపులరైన కొత్త అవతారం. వాటిలో ఎక్కువగా వేసేది బీఫ్. పాతకాలం అసలు సరుకు మాత్రం మేకే.

గుంటూరుతో గేమ్సా?

మొదటిసారి నేను చేసింది చెప్తే నవ్వుతారు. ఆయన లెక్క 11 ఎండు మిరపకాయలు. ‘మిర్చి ఏదైనా మిర్చే కదా’ అని మన గుంటూరు సన్నాలు 11 వేసేశా. అక్కడ వాడే గ్వాహియో మిర్చి కారం స్కోవిల్ స్కేలు మీద 2,500 నుంచి 5,000. గుంటూరు సన్నం 35,000 పైమాటే. పైగా ముక్కలు మునిగేదాకా నీళ్లు పోశా. స్లో కుక్కర్‌లో ఆవిరి బయటికి పోదు, మూతకు తగిలి మళ్లీ కిందికే వస్తుంది. అందుకే పోసిన నీళ్లు పోసినట్టే ఉన్నాయి. చివరికి మిగిలింది పల్చటి నిప్పులాంటి నీళ్లు. నా రూమ్మేట్ ఒక్క స్పూన్ తాగి ఫ్రిజ్ దగ్గరికి పరుగెత్తాడు.

సంగతి చెప్తే గ్వాడలహారా ఆయన పడీపడీ నవ్వాడు. ‘మిరపకాయ మా దగ్గర్నుంచే కదా మీకొచ్చింది, అంత ఘాటు ఎక్కడ నేర్చుకుంది?’ అన్నాడు. నిజమే, మిర్చి పుట్టిల్లు మెక్సికో. మనదాకా తెచ్చింది పోర్చుగీసువాళ్లు.

రెండోసారి కరెక్ట్‌గా..

కావలసినవి: ఎముకలున్న మేక మాంసం కిలోన్నర, గ్వాహియో మిర్చి 8, ఆంచో మిర్చి 3, టమాటాలు 3, ఉల్లిగడ్డ 1, వెల్లుల్లి 6 రెబ్బలు, జీలకర్ర చెంచా, లవంగాలు 4, అంగుళం దాల్చినచెక్క, ఒరెగానో చెంచా, బిర్యానీ ఆకులు 2, వెనిగర్ 2 పెద్ద చెంచాలు, ఉప్పు.

మాంసం హలాల్ షాపులో దొరుకుతుంది, మిర్చి మెక్సికన్ కిరాణాలో. ఫ్రోజెన్ అయితే ముందురోజే ఫ్రిజ్‌లో కింద పెట్టి కరగనివ్వాలి. గడ్డకట్టిన మాంసాన్ని నేరుగా స్లో కుక్కర్‌లో వేయొద్దు. అది మెల్లగా వేడెక్కేలోపు బ్యాక్టీరియా పెరుగుతుంది.

మిర్చి గింజలు తీసేసి పెనం మీద కొద్దిసేపు వేయించాలి. మాడితే చేదే! వేడినీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి, కాల్చిన టమాటా, ఉల్లి, వెల్లుల్లి, మసాలాలు, వెనిగర్‌తో మెత్తగా రుబ్బాలి. మాంసానికి ఉప్పు రాసి, పెనం మీద ఎర్రగా కాల్చి కుక్కర్‌లో వేయాలి. స్లో కుక్కర్‌లో ఆ రంగు రాదు కాబట్టి ఈ స్టెప్ వదలొద్దు. రుబ్బిన ముద్ద, బిర్యానీ ఆకులు, 2 కప్పుల నీళ్లు. ‘లో’ మీద 8 గంటలు. మాటిమాటికీ మూత తీస్తే వేడి పోతుంది, టైం ఇంకా పెరుగుతుంది. ఎముకల దగ్గరి కొలాజెన్ మెల్లగా జెలటిన్‌గా కరిగి పులుసుకు చిక్కదనం ఇస్తుంది. మేక ముదురుదైనా వెన్నలా అవుతుంది.

అమ్మ అడిగింది

నేను కుక్కర్ పెట్టింది బుధవారం పొద్దున 10 గంటలకు. సరిగ్గా అప్పుడే అమ్మ వీడియో కాల్.

“ఇయ్యాల బుధవారం గదరా.. ఆఫీసు లేదా?”

చేతిలో మిర్చి ముద్ద. చొక్కా లేదు, బనీనే. అబద్ధం రెడీగా లేదు. చెప్పేశా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, “ఎన్ని రోజులాయె?” అంది. 23 అన్నా. “అన్ని రోజులు ఒక్కనివే మోసినవా? నాన్నకు నేను చెప్తలే. నువ్వు కడుపునిండ తిను” అని పెట్టేసింది.

సాయంత్రం 6కి మూత తీశా. మొక్కజొన్న టోర్టియాల్లో మాంసం పెట్టి, పైన సన్నగా తరిగిన ఉల్లి, కొత్తిమీర, నిమ్మరసం. పులుసు పక్కన కప్పులో. రూమ్మేట్ ముందు అనుమానంగా చూసి, ఆ తర్వాత మూడుసార్లు వడ్డించుకున్నాడు. మిగిలింది రాత్రి వేడన్నంలో కలుపుకున్నాం. మెక్సికో వాళ్లు క్షమించాలి, అదీ అదిరింది.

51వ రోజు నాకు ఆఫర్ వచ్చింది. 57వ రోజు కొత్త కంపెనీ పిటిషన్ వేసింది. గ్వాడలహారా ఆయనకు రాలేదు, ఇంటికి వెళ్లిపోయాడు. వెళ్లేముందు తన స్లో కుక్కర్ నాకిచ్చాడు. ఇప్పుడు నెలకో ఆదివారం అందులోనే బిర్రియా. ఫొటో పెడితే ఆయన నుంచి వచ్చే మెసేజ్ ఒక్కటే: “ఈసారి ఏ మిర్చి?”