విజ్ఞాన బోధ: తెర మీది నీరు, నేలలోని నీరు

గుత్తి ప్రాంతమున నీటిని గూర్చిన మాటలు వినని బాలుడు ఉండడు. బోరు ఎన్ని అడుగులు వేసిరి, ఎక్కడ తడి తగిలినది అనునవి ఇంటింట జరుగు ప్రసంగములే. అయినను తరగతిలో ద్రవపీడనమను పాఠము వచ్చునప్పటికి ఆ బాలుడే సూత్రమును కంఠస్థము చేసి ఊరకుండును. పుస్తకములోని నీరును, తమ పొలములోని నీరును ఒకటేయని అతనికి తోచదు. ఈ రెంటిని కలుపుటకు అంతర్జాల సాధనములు ఉపాధ్యాయునకు ఎట్లు తోడ్పడునో విచారింతము.

2001లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము పొందినవారిలో ఒకరైన కార్ల్ వీమన్, 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయమున ‘ఫెట్’ అను పథకమును ప్రారంభించిరి. ప్రయోగములను కంప్యూటరు తెరపై అనుకరించు చిత్రములివి. విద్యార్థి వీనిని చూచుటయే గాక, తానే మార్చి ఫలితమును పరిశీలింపవచ్చును. వీనికి వెల లేదు. కొన్ని తెలుగులోను లభించుచున్నవి. ముందుగా దింపుకొనినచో పాఠము చెప్పు వేళ అంతర్జాలము లేకున్నను పనిచేయును. మన దేశమున 2017 సెప్టెంబరు 5న ప్రారంభమైన ‘దీక్షా’ వేదికయు పాఠ్యపుస్తకములలోని క్యూఆర్ కోడుల ద్వారా పాఠ్య దృశ్యములను అందించుచున్నది. మా రేడియో పాఠము చెవికి మాత్రమే అందును. ఈ సాధనములు కంటికిని చేతికిని గూడ పని కల్పించును.

అయితే చిత్రమును చూపినంతనే పాఠము కాదు. ఫెట్‌లో ‘అండర్ ప్రెషర్’ అను చిత్రమున నీటితొట్టియు పీడనమాపకమును ఉన్నవి. మాపకమును ముంచుటకు ముందే, లోతు పెరిగినచో ఏమగునని అడిగి, పిల్లల జవాబులను పలక మీద వ్రాయవలెను. నీటిపైన సుమారు 101 కిలోపాస్కలులు. మూడు మీటర్ల లోతున సుమారు 131. అనగా మీటరునకు పదికి కొంచెము తక్కువగా పెరిగినది. మరి మన పైనున్న గాలి బరువునకు ఎన్ని మీటర్ల నీరు సమానము? పిల్లలే లెక్క కట్టుదురు: సుమారు 10.3 మీటర్లు, అనగా 34 అడుగులు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఒడ్డున నిలిపిన పంపు రెండువందల అడుగుల లోతునుండి నీటిని ఏల పీల్చలేదు? నిజమునకు పంపు నీటిని లాగుట లేదు. గొట్టములోని గాలిని అది తగ్గింపగా, వెలుపలి గాలియే నీటిని పైకి నెట్టుచున్నది. ఆ గాలి శక్తి 34 అడుగులకు ముగియును. అందుచేతనే లోతైన బోరులో మోటారును నీటిలోనే దింపి, క్రిందనుండి పైకి త్రోయింతురు.

తెర చెప్పినదే తుది మాట యనుకొనరాదు. ఆ చిత్రము సముద్రమట్టపు గాలిని లెక్కించును. గుత్తి మూడువందల మీటర్లకు మించిన ఎత్తున ఉన్నందున ఇచ్చట గాలిపీడనము కొంత తక్కువ. గొట్టములోని రాపిడి, సందులలో చొరబడు గాలి తెరపై కానరావు. వాడుకలో ఏడెనిమిది మీటర్లే దక్కును. కావున ఒక సీసాకు మూడు ఎత్తులలో రంధ్రములు చేసి, నీరు నింపి, ఏ ధార బలముగా వెడలునో పిల్లలచేత చూపింపవలెను.

బోరు ఎండినచోట రైతునకు మిగులునది అప్పు. ఏ తెరయు నేలలో నీటిని పుట్టింపలేదు. మోటారును ఇంకను క్రిందికి దించుట వలన నీరు పెరుగదు, కురిసిన వాన ఇంకినప్పుడే పెరుగును. తన లెక్కతో తానే ఈ సంగతి గ్రహించిన విద్యార్థి, రేపు పొలమున మరియొక బోరు వేయుటకు ముందు ఒక ప్రశ్న అడుగును. విజ్ఞాన బోధకు అంతకు మించిన ఫలము వేరొకటి లేదని మా అభిప్రాయము.