నడిమి ముట్రము - చీనావారి పాఠము

మన సేత్తూరు, రాజపాళయం వైపు నడుమ ముట్రమున్న పాత ఇండ్లు ఇక కొద్దిగానే మిగులుచున్నవి. పిల్లలు తలొక ఊరు చేరారు. అన్నదమ్ముల వాటాలు తేలవు. చివరకు ఇల్లు అమ్మకానికి వస్తుంది. వేరు దారి లేకపోలేదు. 1949 నుండి 1952 వరకు మదరాసు ముఖ్యమంత్రిగా ఉన్న పి. ఎస్. కుమారస్వామి రాజాగారు రాజపాళయంలోని తమ ఇంటినే గాంధీ కళామన్రమునకు ఇచ్చివేశారు. అట్లే ఒక ఇంటిని ఊరివారు చూచే చిన్న చిత్రశాలగా మార్చదలచినవారు చీనా ముంగిలిని గూర్చి కొంత తెలుసుకొనుట మంచిదని మా మనవి.

దక్షిణ చీనాలో పాత ఇంటి నడిమి చోటును "ఆకాశపు బావి" అంటారు. నాలుగు కప్పులూ లోపలికే వాలి, వాన నీరంతా ఆ తొట్టిలో పడుతుంది. నీటితోపాటు కలిమీ ఇంట చేరునని వారి నమ్మిక. మన మండువా లోగిలికి చుట్టమే గదా! పీకింగు ఇండ్లలో ముంగిలి ఇంకా విశాలము. దక్షిణ ముఖపు ఇంటికి వాకిలి ఆగ్నేయ మూలన ఉంటుంది. లోపల అడుగు పెట్టగానే అడ్డగోడ. మలుపు తిరిగితే గాని ముంగిలి కనబడదు.

న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో 1981లో ఇట్టి ముంగిలి ఒకటి తెరిచారు. సూచౌ నగరపు తోట ఒకదానిలోని ముంగిలి దానికి మాదిరి. అక్కడినుండి 27 మంది పనివారు వెళ్లి కట్టారు. నడుమ రాళ్లు, మొక్కలు, కొంచెము నీరు, అంతే. మింగు కాలపు కుర్చీలు, బల్లలు పక్క గదిలో ఉన్నవి. పైన మాత్రం అద్దపు కప్పు. చలిదేశము, ఏమి చేస్తారు? అయినా వాన పడని ముంగిలి ముంగిలి అనిపించుకొనునా?

మనకు ఆ చిక్కు లేదు. కనుక ముట్రముపై రేకులు వేసి "ఒక గది కలిసివచ్చింది" అనుకొనువారిని గట్టిగా వారించవలెను. నడుమ ఖాళీగానే ఉండనిండు. చుట్టు నడవలో రోళ్లు, రాతి బొమ్మలు, ఇత్తడి అండాలు పెట్టవచ్చును. వాటికి వెలుగు భయము లేదు. పట్టుచీరలు, తాటాకులు, పాత ఫోటోలు లోపలి గదులలోనే ఉండవలెను. వీటికి 50 లక్సుల వెలుగు చాలునని మ్యూజియములవారి లెక్క. మిట్టమధ్యాహ్నపు ఎండలో అది లక్షదాకా పోతుంది. అవ్వగారి చీర ఒకసారి వెలిసిందా, ఆ రంగు మరల రాదు.

ఖర్చులో మొదటి భాగము అద్దాల బీరువాలకు కాదు, ముట్రపు తూముకు, కప్పు పెంకులకు కేటాయించవలెను. ఐప్పసి వానలు పట్టకముందే ఆ పని ముగియవలెను.